రెక్కకు కట్టిన పేలిక

ఎవాంజెలిన్‌కు కోపం ఎక్కువ. నెల్లూరు శివార్లలోని ఆ గేర్ల ఫ్యాక్టరీలో గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి యజమాని పెంచలకృష్ణ దాకా ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. ఎందుకు కోపమో మాత్రం ఒక్కరూ చెప్పరు. చెయ్యి కడుక్కోకుండా వచ్చి కొలత గది తలుపు తీస్తే కోపం, తీసిన తలుపు వెయ్యకపోతే కోపం, నూనె మరకలతో గేర్ తెచ్చి నల్ల గ్రానైట్ బల్ల మీద పెడితే ఆ రోజుకు ఇంక ఆ మనిషికి అన్నం సహించదు. ఇరవై డిగ్రీల ఏసీలో శాలువా కప్పుకుని కూర్చునే ఆమెకు ఒంట్లో అంత వేడి ఎక్కణ్ణుంచి వస్తుందని వెనకాల నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనివ్వండి. పని తెలిసినవాళ్ళకు కోపం రాకపోతే ఇంకెవరికి రావాలి? అయితే ఆ కోపం ఈ మధ్య ఎవరి మీదికి తిరిగిందో చెప్పాలంటే ముందు ఆమె సంగతి కొంత చెప్పాలి.

ఆమె తండ్రి హెబ్రోను మైపాడు ఒడ్డున పడవల ఇంజన్లు బాగు చేసేవాడు. ఆదివారం ఆరాధనకు ఇస్త్రీ చొక్కాతో వెళ్ళినా గోళ్ళ సందుల్లో గ్రీజు మాత్రం పోయేది కాదు. ఇంజన్ విప్పినప్పుడల్లా పగిలిన గేర్ తీసి ఏడేళ్ళ కూతురి చేతిలో పెట్టి, ఇది ఎందుకు పగిలిందో చెప్పమనేవాడు. చెప్పలేకపోతే తానూ చెప్పేవాడు కాదు. రెండు రోజులు, మూడు రోజులు, ఆమె ఆ ఇనుప ముక్కను పక్కలో పెట్టుకుని పడుకుని, చివరికి ఏదో ఒకటి చెప్పేది. తప్పయితే తల అడ్డంగా ఊపి ఊరుకునేవాడు. ఎవాంజెలిన్ కోపం అప్పుడే మొదలైందని నా అనుమానం.

తర్వాత నెల్లూరులో పాలిటెక్నిక్, మెకానికల్ క్లాసులో ఇద్దరే ఆడపిల్లలు. ఆ పైన అంబత్తూరులో ఒక పెద్ద గేర్ల కంపెనీలో పదకొండేళ్ళు. అక్కడ గేర్లను కొలవడానికి ప్రత్యేక యంత్రం ఉండేది. గేర్‌ను మెల్లగా తిప్పుతూ ఒక్కో పంటి పక్క మీద సన్నటి మొనను నడిపించి, పన్ను ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ తగ్గిందో గీత గీసి చూపించేది. తమిళ ఫోర్‌మన్ ఒకాయన ఆ గీతను చదవడం నేర్పాడు. పెళ్ళయ్యాక భర్త ఆండ్రూ ఉద్యోగం నెల్లూరులో కాబట్టి ఆమె ఇటు వచ్చేసింది, పెంచలకృష్ణ ఫ్యాక్టరీలో చేరింది.

ఈ ఫ్యాక్టరీలో చేసేది ఏరేటర్ల గేర్లు. రొయ్యల గుంటల్లో రెక్కల చక్రాలతో నీళ్ళను చిలికి గాలి కలిపేవే ఏరేటర్లు. తెల్లవారుజామున అవి ఆగిపోతే గంటా గంటన్నరలో రొయ్యలు ఊపిరాడక చస్తాయి. ఇందుకూరుపేట నుంచి వాకాడు దాకా ఎన్ని గుంటలున్నాయో అన్ని గుంటల బతుకూ ఒక గేర్ బాక్సులోని అరచేతి వెడల్పు గేర్ మీద ఆధారపడి ఉంది. అంత సంగతి ఉన్న గేర్‌ను కొలవడానికి పెంచలకృష్ణ కొన్నదేమిటి? పాత సీఎంఎం ఒకటి, అన్ని రకాల భాగాల కొలతలూ తీసే యంత్రం. అది దేన్నయినా కొలుస్తుంది, పంపు మూతను, బ్రాకెట్‌ను, ఇంజన్ దిమ్మెను. గేర్ కోసమని చేసింది కాదు. దాని మీద గేర్ తిరగదు. యంత్రం చేతికి తగిలించిన మొన కొసనుండే చిన్న కెంపు గుండే గేర్ చుట్టూ తిరిగి ప్రతి పంటినీ తాకి రావాలి. దీంతో గేర్లు చూడటం అయ్యే పని కాదని చెన్నై నుంచి వచ్చిన ఏజెంటు ఆమె ముఖం మీదే నవ్వాడు.

ఆ నవ్వు చాలు ఆమెకు. నాలుగు నెలలు కూర్చుంది. నాలుగు పక్కలకూ ఒకటి, కిందికి ఒకటి, ఐదు కెంపు గుండ్లున్న మొన తెప్పించుకుంది. పన్ను వంపు ఎట్లా ఉండాలో లెక్కగట్టి, ఏ చోట తాకాలి, ఎటు నుంచి తాకాలి, ఎంత మెల్లగా తాకాలి అన్నీ తానే ప్రోగ్రాం రాసుకుంది. కొలిచిన గేర్‌ను చెన్నైలో ల్యాబుకు పంపి అసలైన గేర్ యంత్రం మీద చూపించింది. రెండు కొలతలకూ తేడా రెండు మైక్రాన్లు. తలవెంట్రుకను నిలువునా ముప్పై చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత. ల్యాబు వాళ్ళ కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. ఏజెంటు మళ్ళీ వచ్చినప్పుడు అతణ్ణి సరిగ్గా దాని ఎదురు కుర్చీలోనే కూర్చోబెట్టింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. గేర్‌ను కొలవాలంటే ముందు దాని నడిమధ్య ఎక్కడో తేల్చుకోవాలి. గేర్ తిరిగేది రంధ్రంలో దూరిన షాఫ్టు మీద కాబట్టి, మామూలుగా ఆ రంధ్రం నుంచే పళ్ళను కొలుస్తారు. అయితే ఈ ఫ్యాక్టరీలో పని తీరు వేరు. పళ్ళు కోసిన గేర్‌ను కొలిమిలో గట్టిపరిచేటప్పుడు అది కాస్త వంకరపోతుంది. అందుకని ఆ తర్వాత గేర్‌ను పళ్ళతోనే బిగించి పట్టుకుని, రంధ్రాన్ని గ్రైండింగ్ మిషను మీద సానబట్టి, పళ్ళకు సరిగ్గా మధ్యకు తెస్తారు. సానబట్టక ముందు రంధ్రానికి లెక్కలేదు. కాబట్టి ఎవాంజెలిన్ ప్రోగ్రాం పళ్ళన్నిటినీ తాకి, వాటి మధ్య ఎక్కడో తానే లెక్కగట్టి, అక్కణ్ణుంచి కొలుస్తుంది. సాన అయ్యాక రంధ్రం నుంచి కొలిచే రెండో పరీక్ష ఇంకొకటి ఉండేది. నిరుడు ఆర్డర్లు పెరిగినప్పుడు ఆ రెండోది ఎందుకన్నాడు పెంచలకృష్ణ. పళ్ళతో పట్టుకుని సానబట్టిన రంధ్రం మధ్యకు రాక ఎక్కడికి పోతుందని ఆమెకూ అనిపించింది. రెండో పరీక్ష అక్కర్లేదని రాసి సంతకం చేసింది.

ఆ ఏడాదే ఇంకో తద్దినం కూడా తెచ్చిపెట్టాడు పెంచలకృష్ణ. రైతుల ఫిర్యాదుల ఫోను ఆమె గదిలో పెట్టించాడు. గేర్ల సంగతి తెలిసిన మనిషి మాట్లాడితే బాగుంటుందన్నాడు. ఆ ఫోను మోగితే ఆమెకు ఒళ్ళు మండేది. వేడెక్కుతా ఉందంటాడొకడు, చప్పుడొస్తా ఉందంటాడింకొకడు. గేర్ బాక్సులో ఉప్పునీళ్ళు దూరాక కూడా ఆయిల్ మార్చరు, మార్చినా ఏ డబ్బాలోదో పోస్తారు, పైగా గేర్ మీద పడి ఏడుస్తారు. అందరికీ ఒకటే జవాబు, ఆయిల్ చూసుకోండి. ఈ మధ్య ఒక ఆడమనిషి అయితే దెబ్బ పడతా ఉందని, ఎప్పుడు పడతా ఉందో తాను చూసినానని ఏదో చెప్పబోయింది. అప్పుడు యంత్రం మీద గేర్ ఉంది. ఎవాంజెలిన్ ఆయిల్ మార్చమని చెప్పి ఫోను పెట్టేసింది.

ఒక శనివారం పొద్దున పదింటికి చిన్నపోలయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి. మైపాడు దగ్గరి ఒక పాళెంలో సముద్రం మీద వేటకు పోతూనే, ఎకరం గుంట కౌలుకు తీసుకుని రొయ్యలు వేశాడు. తువ్వాలులో మూటగట్టి తెచ్చిన పగిలిన గేర్‌ను గేటు దగ్గర బల్ల మీద పెట్టి, దీన్ని కొలిచినామెను పిలవమన్నాడు. వాచ్‌మన్ పొమ్మంటే పోలేదు. చివరికి ఎవాంజెలినే బయటికి వచ్చింది, యంత్రం మీద పని వదిలి రావలసి వచ్చినందుకు అప్పటికే చిటపటలాడుతూ.

మూడు వారాల కిందట తెల్లవారుజామున అతని ఏరేటరు గేర్ పగిలి చక్రం ఆగిపోయింది. తెల్లారేసరికి రొయ్యలన్నీ తెల్లగా తేలాయి. కంపెనీకి రాసుకుంటే జవాబు వచ్చింది. గేర్ కొలతలు సరిగ్గా ఉన్నాయి, తేడా ఎనిమిది మైక్రాన్లే, ఆయిల్ విషయంలో అజాగ్రత్త వల్ల పగిలింది అని. కింద జతపరిచిన రిపోర్టు మీద సంతకం ఎవాంజెలిన్‌ది.

ఆమె గేర్‌ను చేతిలోకి కూడా తీసుకోకుండా, ఉప్పు తినేసిన గేర్‌ను ఎవరూ కాపాడలేరని చెప్పి వెనక్కి తిరగబోయింది. చిన్నపోలయ్య గొంతు పెంచలేదు.

"ఆయిల్ మార్చేది నా భార్యమ్మా, మాలకొండమ్మ. మీ కాగితం చూసి గట్టు మీద అందరి ముందరా అరిచినా ఆమె మీద. నీ చేత్తో చంపినావు అన్నా. ఆ పొద్దు నుంచి పదకొండు దినాలుగా ఆమె నాతో మాట్లాడలా. కూడు పెడతాది, మాట్లాడదు. అప్పులదేముందిలే, నేను చూసుకుంటా. ఆయిలే అయితే ఆయిలే అని ఇంకోసారి చూసి చెప్పు. కాకపోతే అదీ చెప్పు."

ఎవాంజెలిన్‌కు ఒళ్ళు మండిపోయింది. తన కొలతను ఇంకోసారి చూడమంటాడా? గోడ మీద ఫ్రేములో ఉన్న కాగితం ఇతనికేం తెలుసు? సరే చూస్తాను, చూసి ఇంకో కాగితం ఇస్తాను, దాన్ని తీసుకెళ్ళి గుంట గట్టున అతికించుకో అనుకుంది మనసులో. పైకి మాత్రం, బయటి వేడి తగిలిన గేర్ గది చలికి సర్దుకోవడానికి నాలుగు గంటలు పడుతుంది, ఉంటే ఉండమంది. ఉంటానన్నాడు. షెడ్డు నీడలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి ఆమె పంపించిన అన్నం ముట్టకుండా తిప్పి పంపాడు.

రెండింటికి గేర్‌ను బల్ల మీద బిగించి ప్రోగ్రాం నడిపింది. ఆ గేర్‌కు నలభై ఒక్క పళ్ళు. కెంపు గుండు ఒక్కో పంటినీ తాకుతూ పదహారు దాకా పోయింది. పదిహేడో పంటి చోట తాకడానికి ఏమీ లేక యంత్రం ఆగిపోయింది. అక్కణ్ణుంచి మూడు పళ్ళు విరిగి పోయాయి కదా. మళ్ళీ నడిపింది, మళ్ళీ ఆగింది. ఆ ప్రోగ్రాంకు పళ్ళన్నీ కావాలి. పళ్ళన్నీ ఉంటేనే వాటి మధ్య ఎక్కడో దానికి తెలుస్తుంది. మూడోసారి కూడా ఆగేసరికి ఆమె కీబోర్డును అవతలికి తోసింది. తాను రాసిన ప్రోగ్రాం తన దగ్గరే మొరాయించడమా!

పళ్ళు లేకపోతే పోయె, రంధ్రం ఉంది కదా అనుకుంది. గుండును రంధ్రంలోకి దించి, చుట్టూ ఎనిమిది చోట్ల, పైన ఒకసారి, కింద ఒకసారి తాకించింది. అదే మధ్య అని యంత్రానికి చెప్పింది. మిగిలిన ముప్పై ఎనిమిది పళ్ళనూ ఆ మధ్య నుంచి కొలవమంది. అంబత్తూరులో ఫోర్‌మన్ మొదటి రోజు నేర్పిన పద్ధతి అదే. ఏడాదిగా ఆ పద్ధతి జోలికి పోలేదు.

తెర మీద గీత రావడం మొదలైంది. చదునుగా పోవలసిన గీత మెల్లగా లేచి కొండంత అయి, అవతలి పక్క దిగి లోయ అయింది. కొండ కొసకూ లోయ అడుగుకూ తేడా నూట నలభై మైక్రాన్లు. నలభై దాటకూడదని డ్రాయింగు. విరిగిన మూడు పళ్ళు ఎక్కడుండాలో చూసింది. సరిగ్గా కొండ కొస మీద.

కుర్చీలో వెనక్కి వాలి ఆ గీతను చాలాసేపు చూసింది. పళ్ళ మధ్య ఒక చోట, రంధ్రం ఇంకొక చోట. అంటే ఈ గేర్ తిరిగినప్పుడల్లా ఒక పక్క పళ్ళు జత గేర్‌లోకి బలవంతంగా దిగబడతాయి. దిగబడిన ప్రతిసారీ దెబ్బ. నిమిషానికి వంద దెబ్బలు, రాత్రంతా. ఏ ఆయిల్ ఆపుతుంది దాన్ని? పళ్ళతో పట్టుకుని సానబట్టిన రంధ్రం ఇంత పక్కకు పోదు. మరి ఎవరు సానబట్టారు దీన్ని? వాడిన గేర్ కాబట్టి రంధ్రం అరిగిందని పెంచలకృష్ణ అంటాడని ఆమెకు తెలుసు. ఆ రోజు నాలుగింటికి వాకాడు డీలర్లకు వెళ్ళాల్సిన రెండు వందల కొత్త గేర్లు డిస్పాచ్‌లో ఉన్నాయి. పొద్దున్నే వాటికి తానే సంతకం పెట్టింది. అందులోంచి పన్నెండు తెప్పించి రంధ్రం నుంచి కొలిచింది. తొమ్మిది కొలత తప్పాయి, ఒకటైతే నూట నలభై దాకా పోయింది.

లేచి షాపులోకి నడిచింది. గ్రైండింగ్ మిషను మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాని మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము.

ప్రొడక్షన్ చూసే సుశీల్ కుమార్ ఎవాంజెలిన్ వాళ్ళ చర్చి వాడే. ఆమె చెప్పగానే ఉద్యోగం ఇచ్చారు అతనికి. టార్పాలిన్ దగ్గర ఆమెను చూడగానే సంగతి అర్థమై దగ్గరికి వచ్చాడు. మిషనులో సానరాయిని తిప్పే స్పిండిల్ పోయి రెండు నెలలైందని, బాగుచేసేవాళ్ళు రాలేదని, అప్పటిదాకా రంధ్రాన్ని కొలిమికి ముందే లేతు మీద కొలతకు తీసేసి, గట్టిపడ్డాక ఎమరీ కాగితంతో రుద్ది షాఫ్టుకు ఎక్కిస్తున్నామని చెప్పాడు. తనకెందుకు చెప్పలేదని ఆమె అడిగింది.

"రిపోర్టు బాగానే వస్తా ఉంది గదక్కా. రంధ్రం చెక్ చెయ్యబళ్ళేదని సంతకం పెట్టింది నువ్వే. ఇంక నేనేం చెప్పేది?"

ఆమె చెయ్యి లేచింది. అతని చెంప దాకా పోకుండా తనంతట తానే ఆగిపోయింది. ఆగిపోవడానికి కారణం జాలి కాదు, అతనన్నది నిజం కావడం. కొట్టాలంటే ముందు ఎవరిని కొట్టాలో తెలియలేదు. రెండు నెలలు! ఆరు వందల పైచిలుకు గేర్లు బయటికి పోయాయి. ప్రతి దాని వెంటా ఎనిమిది, తొమ్మిది, ఏడు మైక్రాన్లని ముత్యాల్లాంటి అంకెలు, కింద తన సంతకం. యంత్రం ఒక్క అబద్ధం ఆడలేదు. అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పింది. అడగకుండా ఊరుకున్నది తాను.

పెంచలకృష్ణ ఈ మాట వినగానే ముందు తలుపు మూశాడు. మరీ చెడ్డవాడేం కాదు. అయితే మంచితనం చూపించే ముందు ఎప్పుడూ తలుపు మూసే రకం.

"ఎనిమిది అని పొద్దున మీరే రాసిచ్చినారు, ఇప్పుడు నూట నలభై అంటా ఉండారు. ఏది నమ్మమంటారు నన్ను?"

"రెండూ నిజమే సార్. పొద్దున పళ్ళ నుంచి కొలిచినా, ఇప్పుడు రంధ్రం నుంచి కొలిచినా. గుంటలో గేరు తిరిగేది రంధ్రం మీద."

అతను చాలా చెప్పాడు. ఇది గుంటలు నింపే సీజను, డీలర్లు నెత్తిన కూర్చున్నారు, ఈసారికి వెళ్ళనిచ్చి తర్వాత లాట్ నుంచి జాగ్రత్తపడదాం, పన్నెండులో మూడు బాగానే ఉన్నాయి కదా. ఆమె సంతకం వెనక్కి తీసుకుంటే తన సంతకంతో పంపుకోగలనని కూడా మెత్తగా అన్నాడు. ఎవాంజెలిన్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఇలాంటి చోట నోరు చేసుకునే మనిషి మారుమాట లేకుండా వెళ్ళిపోతుంటే అతనికి భయం వేసి వెనకే వచ్చాడు.

ఆ ఫ్యాక్టరీలో ఒక కట్టుబాటు ఉంది. బాగుచేయగలిగిన సరుకుకు పసుపు పెయింటు, పనికిరానిదానికి ఎర్ర పెయింటు. పంటి మీద ఎరుపు పడ్డ గేర్‌ను ఎవరూ తుడిచి అమ్మరు, తుడిచినా పంటి సందుల్లో జాడ పోదు. ఆమె స్టోరులోంచి ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్షు తెచ్చుకుంది. డిస్పాచ్‌లో పేర్చిన ట్రేల ముందు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కూర్చుని, మొదటి గేర్ తీసుకుని పళ్ళ మీద అడ్డంగా గీసింది. రెండోది. మూడోది. షాపులో లేతులు ఒకదాని వెంట ఒకటి ఆగాయి. ఆపమని పెంచలకృష్ణ రెండుసార్లు అన్నాడు. సుశీల్ కుమార్ బ్రష్షు అందుకోలేదు, ఆమె చెయ్యీ పట్టుకోలేదు, ఊరికే నిలబడ్డాడు. అది చూసి ఆమెకు ఇంకా మండింది. లారీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే రెండు వందల గేర్లకూ ఎరుపు పూసి లేచింది. సోమవారం మాట్లాడుకుందాం అన్నాడు పెంచలకృష్ణ. మాట్లాడుకుందాం సార్ అంది.

షెడ్డు దగ్గర చిన్నపోలయ్య ఆమె చేతుల ఎరుపు చూసి రక్తమనుకుని గబుక్కున లేచాడు. ఆమె నిలబడే చెప్పింది, ఆయిల్ కాదని, గేర్ తప్పుగా ఉందని, తాను తప్పుగా కొలిచానని. సారీ అనే మాట నోటికి వచ్చింది, చాలా చిన్నదనిపించి మింగేసింది. అతను ఎరుపు ఆరుతున్న ఆ చేతుల వంకే చూస్తూ విన్నాడు.

"నాకెందుకమ్మా చెప్తావు. నేను అరిచింది ఆమె మీద. వచ్చి ఆమెకు చెప్పు."

మర్నాడు ఆదివారం. ఆరాధన ముగియగానే ఎవాంజెలిన్ స్కూటీ మీద మైపాడు దారి పట్టింది. సంచిలో పగిలిన గేర్, కొత్త రిపోర్టు, రెండు నెలల్లో గేర్లు ఎవరెవరికి వెళ్ళాయో రాసిన జాబితా ఉన్నాయి. ఆండ్రూ వెంట వస్తానంటే వద్దంది. దారి పొడవునా తిట్టుకుంటూనే ఉంది, పెంచలకృష్ణను, సుశీల్ కుమార్‌ను, స్పిండిల్ బాగుచెయ్యడానికి రాని వాళ్ళను. ఇందుకూరుపేట దాటేసరికి తిట్టడానికి మనుషులైపోయారు, తాను ఒక్కతే మిగిలింది.

మాలకొండమ్మ ఇంటి ముందు పీటేసుకుని తెగిన వల అల్లుతోంది. సన్నటి మనిషి. ఎవాంజెలిన్ తాను ఎవరో చెప్పి, గేర్ తీసి చూపించి, తప్పు ఎక్కడుందో చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు మాటలు కాకముందే మాలకొండమ్మ చేతిలో వల ఆగింది.

"ఈ గొంతు నేను విన్నాను."

మాలకొండమ్మ వల పక్కన పెట్టి ఆమె వంక తిరిగింది.

"గేరు పగిలేదానికి నాలుగు దినాల ముందు ఫోను చేసినా మీకు. దెబ్బ పడతా ఉందమ్మా అని చెప్పినా. ఊరికే చెప్పలా. మోటారు ఆపించి రెక్కకు గుడ్డపేలిక కట్టినా. ఆ పేలిక పైకొచ్చినప్పుడే దెబ్బ, వేరేప్పుడు లేదు. తిరిగినప్పుడల్లా అదే చోట. అంటే లోపల ఒక పక్క ఏదో తేడా ఉండాది గదా. అది చెప్పేలోపలే పెట్టేసినావు. నువ్వు చెప్పినావని అప్పుడే ఆయిల్ కూడా మార్చినా."

ఎవాంజెలిన్‌కు ఆ ఫోను గుర్తొచ్చింది. ఆ రోజు యంత్రం మీద ఉన్న గేర్ కూడా గుర్తొచ్చింది, దానికి వచ్చిన అంకెతో సహా. తాను ఏసీ గదిలో, గ్రానైట్ బల్ల మీద, కెంపు గుండుతో పట్టుకోలేని తప్పును ఈ మనిషి పాత గుడ్డముక్కతో పట్టుకుంది. తిరిగే ఇరుసు నుంచే చూసింది, చూడవలసిన చోటి నుంచే. పైగా ఫోను చేసి చెప్పింది. ఇన్నేళ్ళుగా అందరి మీదా పడ్డ కోపమంతా ఒక్కసారిగా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి తన మీద పడింది. ఏం చెయ్యమంటావక్కా అని అడిగింది.

"నా దగ్గర చెప్పేదేముంది, నాకు తెలిసిందే గదా. ఆయన యాడ నిలబడి అరిచినాడో ఆడ చెప్పు."

గుంట గట్టు మీదికి నడిచారు. మబ్బు పట్టి నీళ్ళలో గాలి తగ్గడంతో పగలే చుట్టుపక్కల గుంటల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి. చిన్నపోలయ్య గుంట మాత్రం ఖాళీగా, అడుగు బురద ఎండి పగుళ్ళిచ్చి ఉంది. పక్క గుంట హజరత్తయ్యది. అతనూ అతని మనుషులు నలుగురూ మేత చల్లడం ఆపి చూశారు. ఎవాంజెలిన్ గట్టు మీద నిలబడి, మోటార్ల హోరు మీద వినపడేటట్టు గట్టిగా చెప్పింది. ఆయిల్ తప్పు కాదు, మాలకొండమ్మ తప్పు కాదు, గేర్ తప్పు, దాన్ని సరైందని రాసిచ్చింది నేను. ఆమె నాలుగు రోజుల ముందే నాకు ఫోను చేసి చెప్పింది, నేను వినలేదు. ఆగకుండా మొత్తం చెప్పింది.

చిన్నపోలయ్య భార్య వంక చూశాడు. ఆమె మాట్లాడక పదకొండు రోజులు పోయి పన్నెండో రోజు. మాలకొండమ్మ అతని వంక తిరిగింది.

"హజరత్తయ్య గుంటలో తూర్పు పక్క ఏరేటరుకూ అదే చప్పుడు. మూడు దినాలుగా వింటా ఉండా. పొయ్యి ఆపమని చెప్పు."

అతను పరిగెత్తాడు. మాలకొండమ్మ గట్టున ఒరిగి ఉన్న తమ పాత ఏరేటరు రెక్కకు ఇంకా కట్టే ఉన్న పేలికను విప్పి ఎవాంజెలిన్ చేతిలో పెట్టింది. ఎండకు రంగు వెలిసిన చీర అంచు ముక్క అది. హజరత్తయ్య మనుషులు ఏరేటరును ఆపి, రెక్కకు అది కట్టి, మళ్ళీ నడిపారు. ఎవాంజెలిన్ చెప్పులు విడిచి నీటి అంచు దాకా దిగి చెవి పెట్టింది. నలభై సార్లు లెక్కపెట్టింది. నలభై సార్లూ పేలిక ఒకే చోటికి వచ్చినప్పుడే దెబ్బ పడింది.

ఏరేటరు ఆపించి, డీలరు దగ్గర ఉన్న, రెండు నెలలకు ముందటి లాట్ గేర్ బాక్సు చీకటి పడకముందే తెచ్చి పెట్టమని హజరత్తయ్యకు చెప్పింది. తర్వాత తడి కాళ్ళతోనే గట్టు మీద కూర్చుని సంచిలోంచి జాబితా తీసింది. మొదటి పేరుకు ఫోను చేసింది. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తి, తమ ఏరేటరు బాగానే ఉందని, ఊరికే కొంచెం చప్పుడని చెప్పి పెట్టెయ్యబోయింది.

"పెట్టొద్దక్కా," అంది ఎవాంజెలిన్. "ఆ చప్పుడు ఎట్టా వస్తా ఉందో చెప్పు. మొత్తం చెప్పు. నేను వింటా ఉండా."